ఖజానా వద్దంది.. మద్రాస్ అడ్డుపడింది.. అయినా కావేరిపై డ్యామ్ లేచింది! మోక్షగుండం విశ్వేశ్వరయ్య కథ

ఏటా వానాకాలం రాగానే కన్నడ నాట అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే.. కేఆర్ఎస్‌లో నీళ్లు ఎన్ని అడుగులకు వచ్చాయి? 124.80 అడుగులకు చేరితే డ్యామ్ నిండినట్టు. మండ్య రైతు నారు పోసుకోవచ్చు. బెంగళూరు, మైసూరు నగరాలకు తాగునీటి బెంగ తగ్గుతుంది. కింద ఉన్న తమిళనాడు కూడా ఊపిరి పీల్చుకుంటుంది.

ఇప్పుడు ఇంతమంది ఆశలు పెట్టుకున్న ఈ రిజర్వాయర్ అసలు పుట్టకుండానే ఫైళ్లలో ఆగిపోవాల్సింది. ఇంత డబ్బు పెట్టలేమని సొంత సంస్థానం ఆర్థిక శాఖే వద్దంది. మా నీళ్లు పోతాయని మద్రాస్ ప్రభుత్వం అడ్డుపడింది. చివరికి పర్మిషన్ వచ్చింది కానీ.. అడిగిన దాంట్లో పావు వంతు నిల్వకే వచ్చింది. ఆ టైమ్‌లో ఒక ఇంజినీర్ తీసుకున్న నిర్ణయమే ఇవాళ్టి కేఆర్ఎస్. ఆయనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

ఇంటిపేరులోనే తెలుగు ఊరు

ఏటా సెప్టెంబర్ 15న ఇంజినీర్స్ డే జరుపుకునేది ఈయన పుట్టినరోజునే. 1861లో చిక్కబళ్లాపురం దగ్గర ముద్దేనహళ్లిలో పుట్టారు. పుట్టింది కన్నడ నేలపైనే అయినా ఇంట్లో మాట్లాడేది తెలుగే. పూర్వీకులది ఉమ్మడి ప్రకాశం జిల్లా గిద్దలూరు వైపున్న మోక్షగుండం గ్రామం. ఊరు వదిలి తరాలు గడిచినా ఆ పేరు మాత్రం ఇంటిపేరుగా మిగిలిపోయింది.

తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు. విశ్వేశ్వరయ్య హైస్కూల్ వయసులో ఉండగానే ఆయన చనిపోయారు. ఇంట్లో డబ్బు లేదు. బెంగళూరులో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ సెంట్రల్ కాలేజీలో చదివి, 1881లో బీఏ పాసయ్యారు. ఆ తర్వాత మైసూరు సంస్థానం స్కాలర్‌షిప్ ఇచ్చి పుణె సైన్స్ కాలేజీకి పంపింది. అక్కడ ఇంజినీరింగ్ పరీక్షల్లో ఫస్ట్ వచ్చారు.

ఆయన కుర్రాడిగా ఉన్న రోజుల్లోనే ఇంకో ఘోరం జరిగింది. 1876-78 మధ్య దక్షిణ భారతాన్ని పెద్ద కరువు పట్టి పీడించింది. మైసూరు సంస్థానంలోనూ లక్షల మంది ప్రాణాలు పోయాయి. కావేరి లాంటి నది పక్కనే పారుతున్నా, ఆ నీళ్లు పొలానికి ఎక్కే దారి లేదు. ఒకప్పటి మండ్య ప్రాంతం పరిస్థితి అదే. వాన పడితే రాగి పంట, లేకపోతే వలస.

బొంబాయిలో నేర్చుకున్న పాఠం

1884లో బొంబాయి ప్రెసిడెన్సీ ప్రజాపనుల శాఖలో అసిస్టెంట్ ఇంజినీర్‌గా చేరారు. నాసిక్, ఖాందేశ్, సుక్కూర్, పుణె.. ఎక్కడ పని చేసినా నీళ్లతోనే పని. సింధు నది ఒడ్డున సుక్కూర్ పట్టణానికి తాగునీటి వ్యవస్థ కట్టారు.

పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో ఆయన చేసిన పని ఇంకా పెద్దది. అక్కడ అప్పటికే డ్యామ్ ఉంది. కానీ నిల్వ చాలడం లేదు. మామూలుగా అయితే గోడ ఎత్తు పెంచాలి. దానికి బోలెడు ఖర్చు. విశ్వేశ్వరయ్య ఇంకో దారి వెతికారు. వరద నీళ్లు పొంగిపోయే చోట ఆటోమేటిక్ గేట్లు పెట్టారు. నీళ్లు ఒక మట్టం వరకు వచ్చేదాకా అవి మూసుకునే ఉంటాయి. అది దాటితే వాటంతటవే తెరుచుకుని వరదను వదిలేస్తాయి. మట్టం తగ్గాక మళ్లీ మూసుకుంటాయి. 1903లో వచ్చిన ఈ గేట్లతో, గోడ పెంచకుండానే నిల్వ పెరిగింది. ఈ డిజైన్‌కు పేటెంట్ వచ్చింది. ప్రభుత్వ జీతం తీసుకుంటూ చేసిన పని కాబట్టి రాయల్టీ మాత్రం వద్దన్నారు.

కాలువ నీళ్ల పంపకంలోనూ ఆయన ముద్ర ఉంది. అప్పట్లో కాలువ మొదట్లో ఉన్న రైతు ఇష్టం వచ్చినంత వాడుకునేవాడు. చివర ఉన్న రైతుకు చుక్క దక్కేది కాదు. దీనికి ఆయన బ్లాక్ సిస్టమ్ తెచ్చారు. భూమిని బ్లాకులుగా విడగొట్టి, ఏ బ్లాక్‌లో ఏ పంట వేయాలి, నీళ్లు ఏ వంతులో రావాలి అన్నది ముందే లెక్క కట్టేవారు. ఎక్కువ నీళ్లు తాగే చెరకు లాంటి పంట కొంత భాగానికే పరిమితం. ఉన్న నీళ్లతోనే ఎక్కువ మంది పొలాలు తడపాలన్నదే ఇందులో పాయింట్.

బొంబాయి సర్వీసులో ఎంత పేరొచ్చినా, పై పోస్టులు ఇంగ్లిష్ వాళ్లకే. చీఫ్ ఇంజినీర్ కుర్చీ భారతీయుడికి ఇచ్చే కాలం కాదది. 1908లో ముందస్తుగా రిటైర్మెంట్ తీసుకున్నారు.

మూసీ వరద.. హైదరాబాద్ పిలుపు

అదే ఏడాది సెప్టెంబర్ 28న హైదరాబాద్‌ను మూసీ ముంచేసింది. వేల మంది చనిపోయారు. ఆ సమయానికి విశ్వేశ్వరయ్య విదేశీ పర్యటనలో ఉన్నారు. నిజాం ప్రభుత్వం నుంచి కబురు వచ్చింది. 1909లో హైదరాబాద్ వచ్చి నది పరీవాహక ప్రాంతాన్ని పరిశీలించారు. ఎగువన చెరువులు వరుసగా తెగిపోవడం వరదను ఇంకా పెంచిందని తేల్చారు.

పరిష్కారంగా నగరానికి ఎగువనే వరదను పట్టి ఉంచే జలాశయాలు కట్టమన్నారు. ఆ దారిలోనే మూసీపై 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీపై 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరద ఆపడానికి కట్టిన ఆ రెండు చెరువులే ఆ తర్వాత హైదరాబాద్‌కు దశాబ్దాల పాటు తాగునీళ్లిచ్చాయి. ఒకే రిజర్వాయర్ రెండు పనులు చేయాలన్న లెక్క ఇక్కడ కనిపిస్తుంది. అదే లెక్క మైసూరులో ఆయనకు అసలు ఆయుధం అయింది.

హైదరాబాద్ పని నడుస్తుండగానే మైసూరు సంస్థానం పిలిచింది. 1909 నవంబర్‌లో అక్కడ చీఫ్ ఇంజినీర్‌గా చేరారు.

కన్నంబాడి ప్లాన్ ఏంటి?

మైసూరుకు 20 కిలోమీటర్ల దూరంలో కన్నంబాడి అనే ఊరు. ఆ చుట్టుపక్కలే కావేరిలో హేమావతి, లక్ష్మణతీర్థ నదులు కలుస్తాయి. మూడు నదుల నీళ్లు ఒకే చోట ఆపొచ్చు. నిజానికి ఇక్కడ ఆనకట్ట ఆలోచన కొత్తదేమీ కాదు. 1794 నాటి టిప్పు సుల్తాన్ పార్శీ శాసనం ఒకటి ఇక్కడే దొరికింది. అందులోనూ కావేరిపై ఆనకట్ట ప్రస్తావన ఉంది. అది కార్యరూపం దాల్చలేదు.

విశ్వేశ్వరయ్య వేసిన ప్లాన్ ప్రకారం డ్యామ్ ఎత్తు దాదాపు 124 అడుగులు. నిల్వ 40 టీఎంసీలకు పైనే. కొత్తగా లక్షన్నర ఎకరాలకు నీళ్లు. దాంతో పాటు కరెంటు. మొత్తం అంచనా 253 లక్షల రూపాయలు. అంటే రెండున్నర కోట్లు. ఇవాళ వింటే చిన్న మొత్తమే అనిపిస్తుంది. 1911లో ఒక సంస్థానానికి అది గుండె గుభేల్‌మనే లెక్క.

ఆర్థిక శాఖ వెంటనే అడ్డం తిరిగింది. వాళ్ల వాదన మరీ తీసిపారేసేది కూడా కాదు. నీటి తీరువా అనేది మెల్లగా వచ్చే ఆదాయం. డ్యామ్ కట్టాలి, కాలువలు తవ్వాలి, రైతులు మెట్ట వదిలి మాగాణికి రావాలి. అప్పటిదాకా పెట్టిన డబ్బు ఇరుక్కుపోయినట్టే. ఇక కరెంటు అంటారా.. అంత కరెంటు కొనేవాళ్లు ఎవరున్నారు? ఇదీ వాళ్ల ప్రశ్న.

డబ్బు లెక్క ఎలా తేలింది?

ఇక్కడే కోలార్ బంగారు గనులు సీన్‌లోకి వచ్చాయి. 1902 నుంచే కావేరిపై శివసముద్రం జలపాతం దగ్గర కరెంటు తయారై, దాదాపు 147 కిలోమీటర్ల లైన్ ద్వారా కోలార్ గనులకు వెళ్తోంది. తెలుగు, తమిళ కార్మికులు వేల మంది దిగి పనిచేసే ఆ లోతైన గనులకు కరెంటే ఊపిరి. గనుల కంపెనీలు ఇంకా కావాలంటున్నాయి. డబ్బు కట్టడానికీ రెడీ.

సమస్య ఎక్కడంటే.. ఎండాకాలం కావేరి సన్నబడిపోతుంది. నీళ్లు తగ్గితే శివసముద్రంలో టర్బైన్లు మందగిస్తాయి. వానాకాలం నీళ్లేమో ఎవరికీ పనికిరాకుండా పోతాయి. కన్నంబాడిలో ఆ నీళ్లు ఆపి, వేసవిలో కొంచెం కొంచెంగా వదిలితే? ఏడాది పొడవునా కరెంటు వస్తుంది. గనుల నుంచి ఏడాది పొడవునా బిల్లు వస్తుంది.

అంటే రిజర్వాయర్‌కు రెండు రకాల ఆదాయం. ఒకటి తొందరగా వచ్చే కరెంటు సొమ్ము. రెండోది ఆలస్యంగా వచ్చినా తరతరాలు నిలిచే సాగు రాబడి. మొదటిది రెండోదాన్ని మోయాలి. ఉత్త సాగునీటి ప్రాజెక్ట్‌గా చూస్తే భారంగా కనిపించిన డ్యామ్, కరెంటును కలిపి చూసేసరికి గిట్టుబాటు అయ్యే పనిగా మారింది. పైగా పని మొత్తం ఒకేసారి కాదు.. రెండు దశల్లో. మొదటి దశ పూర్తయి కరెంటు డబ్బులు మొదలయ్యాక రెండో దశకు వెళ్లొచ్చు.

ఇంత చెప్పినా ఫైల్ కదల్లేదు. పెద్ద పనులు చేసే అవకాశం లేకపోతే తాను ఇక్కడ ఉండి ఏం లాభమని విశ్వేశ్వరయ్య ఉద్యోగం వదిలేసే ఆలోచన దాకా వెళ్లారు. అప్పటి దివాన్ టి.ఆనందరావు దగ్గరా, మహారాజు నాల్గో కృష్ణరాజ ఒడెయార్ దగ్గరా మళ్లీ లెక్కలు పెట్టారు. మహారాజు స్వయంగా పరిశీలించి ఓకే అన్నారు. 1911 అక్టోబర్‌లో ఆర్డర్ వచ్చింది. 81 లక్షల రూపాయలు కేటాయించారు. నవంబర్‌లో పని మొదలైంది.

డ్యామ్ కోసం రాజకుటుంబం నగలు అమ్మిందన్న కథ మైసూరు, మండ్య ప్రాంతాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. జనం గుండెల్లో ఆ రాజుకున్న చోటు ఏంటో ఆ కథ చెబుతుంది. ఖజానా తలుపు తెరిపించింది మాత్రం.. కోలార్ కరెంటు లెక్క.

11 టీఎంసీలకే పర్మిషన్.. అప్పుడేం చేశారు?

సొంత ఇంట్లో గెలిచాక బయట గొడవ మొదలైంది. 1892లో మైసూరుకీ, మద్రాస్ ప్రెసిడెన్సీకీ ఒక ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం కావేరి లాంటి నదులపై కొత్త సాగునీటి రిజర్వాయర్ కట్టాలంటే మద్రాస్ ఒప్పుకోవాలి. తంజావూరు డెల్టాలో తరతరాలుగా కావేరి నీళ్లతో వరి పండిస్తున్న రైతులున్నారు. పైనే నీళ్లు ఆపేస్తే వాళ్ల గతేంటి? మద్రాస్ భయంలోనూ న్యాయం ఉంది. పైగా వాళ్లకూ మెట్టూరు దగ్గర సొంత రిజర్వాయర్ ప్లాన్ ఉంది.

వాదనలు నడిచాక మైసూరుకు దక్కింది 11 టీఎంసీల నిల్వకే పర్మిషన్. కరెంటు కోసం నదిని సరిచేసుకోవడానికి అది సరిపోతుంది. లక్షన్నర ఎకరాల కలకు మాత్రం చాలదు.

ఇప్పుడు విశ్వేశ్వరయ్య ముందు రెండు దారులు. చిన్న డ్యామ్‌కు సరిపడా సన్నటి పునాది వేసి డబ్బు మిగుల్చుకోవడం ఒకటి. పెద్ద డ్యామ్ మోసేంత వెడల్పు పునాది ఇప్పుడే వేసేయడం ఇంకోటి. చిన్న పునాది వేస్తే, రేపు పర్మిషన్ వచ్చినా దానిపై ఎత్తు పెంచడం కుదరదు. పెద్ద పునాది వేస్తే, రేపు పర్మిషన్ రాకపోతే అదనంగా పెట్టిన డబ్బంతా నది అడుగున వృథా. అసలే పైసా పైసా లెక్క చూస్తున్న ఖజానా.

పెద్ద పునాదే వేశారు.

మద్రాస్ ఊరుకుంటుందా? ఇచ్చిన పర్మిషన్ ఒకటి, వేస్తున్న పునాది ఇంకోటి అని మండిపడింది. వ్యవహారం మధ్యవర్తిత్వానికి వెళ్లింది. 1914లో గ్రిఫిన్ ఇచ్చిన తీర్పు మైసూరుకు ఊరటనిచ్చింది. మద్రాస్ దాన్నీ ఒప్పుకోలేదు.. లండన్‌లోని సెక్రటరీ ఆఫ్ స్టేట్ దాకా వెళ్లింది. చివరికి 1924 ఫిబ్రవరి 18న రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. కేఆర్ఎస్ పూర్తి ఎత్తుకు దారి తెరుచుకుంది. మద్రాస్ మెట్టూరు కట్టుకోవడానికీ లైన్ క్లియర్ అయింది. పునాది పడ్డ పదేళ్ల తర్వాత గానీ ఆ డబ్బు వృథా కాలేదని తేలలేదు!

సున్నం, సుర్ఖీ.. పది వేల మంది

అప్పట్లో దేశంలో సిమెంట్ తయారీ దాదాపు లేదు. బయటి దేశాల నుంచి తెప్పిస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకే సుర్ఖీ వాడారు. అంటే కాల్చిన ఇటుకల పొడి, సున్నం కలిపిన గార. రాతి కట్టడమంతా దాంతోనే. దాదాపు 10 వేల మంది కూలీలు పనిచేశారు. డ్యామ్ పొడవు రెండున్నర కిలోమీటర్లకు పైనే. వరదను వదలడానికి.. పుణె దగ్గర పుట్టిన ఆ ఆటోమేటిక్ గేట్లే ఇక్కడికీ వచ్చాయి.

ఈ లెక్కలో ఇంకో వైపు కూడా ఉంది. నీళ్లు నిలవాలంటే ఊళ్లు ఖాళీ చేయాలి. 5 వేల నుంచి 10 వేల మంది ఇళ్లు కోల్పోయారు. కన్నంబాడి ఊరు మునిగిపోయింది. అక్కడి పాత వేణుగోపాలస్వామి గుడి కూడా నీళ్లలోకి వెళ్లింది. నిర్వాసితులకు ప్రభుత్వం దగ్గర్లోనే చోటు, సాగు భూమి ఇచ్చింది. పుట్టిన ఊరు మాత్రం తిరిగి రాదు. నీళ్లు బాగా అడుగంటిన ఏడాది ఆ గుడి బయటపడేది.. జనం చూడ్డానికి వెళ్లేవారు. చాలా ఏళ్ల తర్వాత గుడిని రాయి రాయి విప్పి, జలాశయం ఒడ్డున మళ్లీ నిలబెట్టారు.

దివాన్ అయ్యారు.. మధ్యలోనే వెళ్లిపోయారు

1912 నవంబర్‌లో విశ్వేశ్వరయ్య మైసూరు దివాన్ అయ్యారు. ఇక డ్యామ్ ఒక్కటే కాదు.. 1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు యూనివర్సిటీ, భద్రావతి ఇనుము ఫ్యాక్టరీకి పునాది.. అన్నీ ఆ ఆరేళ్లలోనే.

అయితే ఆయన చివరిదాకా ఉండలేదు. ప్రభుత్వ ఉద్యోగాల్లో బ్రాహ్మణేతరులకు తగిన వాటా కావాలన్న డిమాండ్ సంస్థానంలో గట్టిగా వినిపించింది. మహారాజు 1918లో మిల్లర్ కమిటీ వేశారు. ఉద్యోగాలకు ప్రతిభే కొలమానం కావాలన్నది విశ్వేశ్వరయ్య వైఖరి. వెనకబడిన వర్గాలకు అవకాశం ఇవ్వకుండా ప్రతిభ ఎలా బయటపడుతుందన్నది అవతలి వాదన. మహారాజు ఆ మార్పు వైపే మొగ్గారు. దీంతో దివాన్ పదవి వదిలేశారు. ఈ విషయంలో ఆయన వైఖరిపై విమర్శ ఇప్పటికీ ఉంది.

డ్యామ్ ఆయన లేకుండానే ముందుకు సాగింది. 1931 నాటికి పూర్తయింది. అప్పటికి దివాన్ మీర్జా ఇస్మాయిల్. డ్యామ్ కింద బృందావన్ గార్డెన్స్ తయారైంది ఆయన హయాంలోనే. హులికెరె దగ్గర కొండను తొలిచి సొరంగంలోంచి కాలువ తీసుకెళ్లారు. మొదట దానికి వైస్రాయ్ ఇర్విన్ పేరు పెట్టారు. ఇప్పుడు అది విశ్వేశ్వరయ్య కాలువ.

మండ్య మారిపోయింది.. గొడవ మిగిలింది

కాలువ నీళ్లు రాగానే మెట్ట చేలు మాగాణి అయ్యాయి. చెరకు తోటలు లేచాయి. వ్యవసాయ శాఖ డైరెక్టర్ లెస్లీ కోల్‌మన్ చొరవతో 1933లో మండ్యలో చక్కెర ఫ్యాక్టరీ ఏర్పాటైంది. వలసలకు పేరుపడిన ప్రాంతమే కూలీలకు పని ఇచ్చే ప్రాంతం అయింది. అందుకే మండ్యలో చాలా మంది రైతుల ఇళ్లలో దేవుడి పటాల పక్కన విశ్వేశ్వరయ్య ఫొటో కూడా కనిపిస్తుంది.

కావేరి పంచాయితీ మాత్రం ఆగలేదు. 1924 ఒప్పందం 50 ఏళ్లకు ముగిసేసరికి కర్ణాటక, తమిళనాడు మళ్లీ ఎదురెదురుగా నిలబడ్డాయి. 2007లో ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు తీర్పులిచ్చాయి. వాన తక్కువైన ఏడాది ఇప్పటికీ రోడ్ల మీద ధర్నాలే.

విశ్వేశ్వరయ్య ఆ తర్వాత కూడా ఖాళీగా కూర్చోలేదు. హైదరాబాద్ డ్రైనేజీ పనులకు సలహాలిచ్చారు, పుస్తకాలు రాశారు, దేశానికి ఆర్థిక ప్రణాళిక కావాలని వాదించారు. 1955లో భారతరత్న వచ్చింది. 1962 ఏప్రిల్‌లో బెంగళూరులో కన్నుమూశారు. వందేళ్లు నిండిన జీవితం. సమాధి సొంతూరు ముద్దేనహళ్లిలోనే ఉంది.

కొత్త రిజర్వాయర్ అనగానే ఇప్పుడూ అవే ప్రశ్నలు. డబ్బు ఎక్కడిది? ఎన్నాళ్లకు తిరిగి వస్తుంది? పై రాష్ట్రం, కింది రాష్ట్రం ఏమంటాయి? మునిగే ఊళ్ల సంగతేంటి? కన్నంబాడిలో వీటిలో కొన్నింటికి గట్టి సమాధానం దొరికింది. కొన్నింటికి సగమే దొరికింది. ఏటా డ్యామ్ నిండాక కర్ణాటక ముఖ్యమంత్రి వచ్చి కావేరికి బాగిన సమర్పిస్తారు. వాళ్లు నిలబడే ఆ గోడ కింద, నీళ్ల అడుగున ఉన్నది.. పర్మిషన్ రాకముందే వేసిన ఆ వెడల్పాటి పునాది.